ఒకే లాయం, ఒకే రేసు, రెండు గుర్రాలు

హోస్ట్: నమస్కారం. ఈ రోజు నాతో ఉన్నవారు చాలా ఏళ్లు రేసు గుర్రాల లాయాల్లో పనిచేశారు. మొదట పొద్దున్నే ట్రాక్ మీద గుర్రాలు తోలేవారు, తర్వాత అసిస్టెంట్ ట్రైనర్ అయ్యారు. సార్, రేసు కార్డు, అంటే ఆ రోజు పరుగెత్తే గుర్రాల జాబితా, తెరిస్తే ఒక్కోసారి ఒకే ట్రైనర్ పేరు మూడు నాలుగు గుర్రాల పక్కన కనిపిస్తుంది. చూసేవాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది.

గెస్ట్: రావాలమ్మా, ఆ అనుమానం మంచిదే. "వీళ్లలో వీళ్లు మాట్లాడుకుని ఒకదాన్ని గెలిపిస్తారేమో" అనే కదా? అందుకు శిక్షలు పడిన రోజులు కూడా ఉన్నాయి. 2008లో ఇంగ్లండ్‌లో జడ్‌మాంట్ ఇంటర్నేషనల్ రేసు జరిగింది. యార్క్‌లో జరగాల్సింది, వానలకు ట్రాక్ నీళ్లపాలై న్యూమార్కెట్‌కు మార్చారు. ఏడన్ ఓబ్రయన్ అనే ట్రైనర్ లాయం నుంచి డ్యూక్ ఆఫ్ మార్మలేడ్ పరుగెత్తింది. అదే లాయానికి చెందిన రెడ్ రాక్ కాన్యన్ ముందుండి వేగం పెట్టింది. చివర్లో ఆ ముందు గుర్రం రెయిల్, అంటే ట్రాక్ అంచు కంచె, వదిలి పక్కకు జరిగింది, ఆ సందులోంచి డ్యూక్ ఆఫ్ మార్మలేడ్ వెళ్లి గెలిచింది. విచారణ జరిపి ట్రైనర్‌కు 5,000 పౌండ్ల జరిమానా వేశారు. ఇద్దరు జాకీలనూ ఏడేసి రోజులు సస్పెండ్ చేశారు.

హోస్ట్: అంటే వేగం పెట్టడానికి ఒక గుర్రాన్ని దించడమే తప్పా?

గెస్ట్: కాదు, కాదు. అక్కడే చాలామంది పొరబడతారు. దమ్మున్న గుర్రం ఒకటి ఉంటుంది, కానీ చివర్లో ఒక్కసారిగా ఎగిరే వేగం దానికి ఉండదు. రేసు మెల్లగా సాగిందనుకో, చివరి కొద్ది దూరం ఉరుకుల పోటీ అయిపోతుంది, పాపం దాని దమ్ము ఎందుకూ పనికిరాదు. అందుకని మొదటి నుంచీ గట్టిగా లాగే గుర్రాన్ని ఒకదాన్ని దించుతారు. దాన్నే పేస్‌మేకర్ అంటారు. ముందు పరుగెత్తడం వరకు తప్పు లేదు, ఆ వేగం అందరికీ ఒకటే. తనవాళ్ల గుర్రానికి దారి ఇవ్వడానికి పక్కకు జరగడం, పరాయి గుర్రానికి అడ్డం పడటం, ఇవీ తప్పు. పేస్‌మేకర్‌కు కూడా గెలిచే హక్కు ఉంది. 2001లో ఆస్కాట్‌లో క్వీన్ ఎలిజబెత్ II స్టేక్స్ రేసులో నోవెర్ అనే గుర్రం కోసం వేగం పెట్టడానికి దించిన సమ్మనర్, ఎవరూ అందుకోలేక, అదే గెలిచేసింది. నాకు ఆ రేసంటే చాలా ఇష్టం.

హోస్ట్: మీరు పనిచేసిన లాయాల్లో ఇలాంటి పరిస్థితి ఎదురైందా?

గెస్ట్: ఎదురైంది. మోసం చేయమని నాతో ఎవరూ అనలేదు. కానీ నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటి ఉంది. అప్పట్లో ఒక పెద్ద లాయంలో ఉన్నాను. ఒకే రేసులో మావి రెండు. మొదటిదానికి మా స్టేబుల్ జాకీ, అంటే మా లాయానికి ఎప్పుడూ తోలే మొదటి జాకీ. రెండోదానికి ఆ పొద్దున దొరికిన కుర్రాడు. రేసుకు ముందు ప్యాడక్‌లో, అంటే గుర్రాలను నడిపించి చూపే ఆవరణలో, ట్రైనర్ మొదటి జాకీతో అయిదు నిమిషాలు మాట్లాడారు. గుంపులో ఎక్కడ ఉండాలి, ఎవరి వెనక ఉండాలి, ఎప్పుడు కదలాలి, అన్నీ. రెండో కుర్రాడి దగ్గరకు వచ్చేసరికి "నువ్వు జాగ్రత్తగా తిప్పుకుని రా" అన్నారు, అంతే. ఆ గుర్రం సైసు, అంటే దాన్ని చూసుకునే మనిషి, నా పక్కనే ఉన్నాడు. "సార్, మన గుర్రానికి ఏం చెప్పారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

హోస్ట్: సైసు "మన గుర్రం" అన్నాడు.

గెస్ట్: అంటాడమ్మా. తెల్లవారకముందే దాని గిట్టలు కడిగింది అతనే. అది మేత ముట్టకపోతే తిండి మానేసేదీ అతనే. నిబంధన ఒకటే చెబుతుంది: ప్రతి గుర్రాన్నీ దాని సత్తాకు తగ్గట్టు, వీలైనంత ముందు రావడానికే తోలాలి. మేము ఆ రోజు నిబంధన దాటలేదు. ఎవరూ గుర్రాన్ని లాగిపట్టలేదు. కానీ ఆ రెండో గుర్రం గురించి ఎవరూ ఆలోచించలేదు. అన్యాయం ఎక్కువగా ట్రాక్ మీద జరగదు. ఏ జాకీ దేనికి, పొద్దుటి సాధన పరుగు ఎవరు చూస్తున్నారు, ఏ రేసు దేనికి నప్పుతుంది, ఇవన్నీ నిర్ణయించే పొద్దుటిపూట జరుగుతుంది.

హోస్ట్: అసలు అన్ని గుర్రాలను ఒకే రేసులో ఎందుకు దించాలి? విడదీయవచ్చు కదా?

గెస్ట్: అనుకున్నంత సులువు కాదు. ఒక గుర్రానికి ఒక దూరం నప్పుతుంది, దాని వయసుకూ రేటింగుకూ, అంటే సత్తాకు ఇచ్చిన అంకెకూ, సరిపడే రేసు నెలకు ఒకటో రెండో వస్తాయి. లాయంలో అలాంటివి నాలుగుంటే నాలుగూ అదే రేసుకు వస్తాయి. నలుగురూ వేర్వేరు ఓనర్లు. ప్రతి నెలా మేతకు, వైద్యానికి డబ్బు కడుతున్నవాళ్లే. "నీ గుర్రాన్ని ఆపేస్తాను, పక్కాయనది పరుగెత్తుతుంది" అని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఆపితే ఆయనకు అన్యాయం. దించితే, తన గుర్రం ఇంకోదానికి తోడుగా వెళ్తోందేమోనని ఆయనకు టెన్షన్. ట్రైనర్‌కు రాత్రి నిద్ర పట్టదు.

హోస్ట్: ఏది మంచిదో ట్రైనర్‌కు ముందే తెలుస్తుందని మేమంతా అనుకుంటాం.

గెస్ట్: అందరూ అలాగే అనుకుంటారు. పొద్దున గ్యాలప్‌లో, అంటే సాధన పరుగులో, ఒకటి ఇంకోదాన్ని ఓడించిందనుకో, రేసు రోజు తలకిందులు అవుతుంది. కొన్ని గుర్రాలు పనిలో బద్ధకం, జనాన్ని చూస్తే ప్రాణం వస్తుంది. 2017 ఎప్సమ్ డెర్బీకి ఓబ్రయన్ ఆరు గుర్రాలను దించాడు. మొదటి జాకీ రయన్ మూర్ ఎక్కింది క్లిఫ్స్ ఆఫ్ మోహర్. గెలిచింది మాత్రం 40/1 ధర, అంటే రూపాయికి నలభై లాభం, ఉన్న వింగ్స్ ఆఫ్ ఈగల్స్, దాని మీద పాడ్రిగ్ బెగీ. మూర్ గుర్రం రెండో స్థానం. 2025లో గ్రాండ్ నేషనల్ అనే పెద్ద రేసులో విల్లీ మలిన్స్ అనే ట్రైనర్ లాయం మొదటి మూడు స్థానాలూ తీసుకుంది. మొదటి జాకీ పాల్ టౌనెండ్ ఎక్కిన ఐ యామ్ మాక్సిమస్ రెండోది. గెలిచిన నిక్ రాకెట్ మీద ఉన్నది ట్రైనర్ కొడుకు ప్యాట్రిక్, అమెచ్యూర్ రైడర్, అంటే వృత్తి జాకీ కాదు. ఆ రేసు అయ్యాక మలిన్స్ కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. నేను ఇది చూసినప్పుడల్లా అనుకుంటాను, లాయం రెండో వరసలో ఉన్న ఆ గుర్రాల జాకీలకు ఎవరైనా "జాగ్రత్తగా తిప్పుకుని రా" అని చెప్పి ఉంటే ఏమయ్యేది?

హోస్ట్: పందెం వేసేవాళ్ల సంగతి?

గెస్ట్: అమెరికాలో దీనికి పాత పద్ధతి ఒకటుంది. ఒకే ఓనర్ గుర్రాలకు 1, 1ఏ అని ఇస్తారు. ఒక టికెట్ కొంటే రెండూ నీవే, ఏది గెలిచినా డబ్బు వస్తుంది. అప్పుడు ఆ రెంటిలో ఏది గెలిచిందన్న అనుమానంతో పందెం వేసేవాడికి పని లేదు. ఈ మధ్య చాలాచోట్ల ఆ జతను విడదీస్తున్నారు, పందెం వేయడానికి ఎంపికలు తగ్గిపోతున్నాయని. నాకు విడదీయడం నచ్చదు. ఓనర్ ఒకరే అయితే జత ఉండాలి. ఓనర్లు వేరు, ట్రైనర్ ఒకరే అయితే మాత్రం విడిగా ఉంచాలి, వాళ్లు నిజంగానే ఒకరితో ఒకరు పోటీలో ఉన్నారు కాబట్టి.

హోస్ట్: చిన్న ట్రైనర్ల గొడవ కూడా ఉంది కదా.

గెస్ట్: చాలా ఉంది. ఐర్లండ్‌లో 2023 నవంబరులో నావన్‌లో ట్రాయ్‌టౌన్ చేజ్ అనే, అడ్డంకులు దూకే రేసు జరిగింది. 20 గుర్రాల్లో 14 ట్రైనర్ గోర్డన్ ఇలియట్‌వే, గెలిచిందీ ఆయనదే, కోకో బీచ్. ఆయన చేసినదాంట్లో నిబంధన తప్పింది ఏమీ లేదు. కానీ నాలుగైదు గుర్రాలతో బతికే ట్రైనర్‌కు అందులో చోటు ఎక్కడ? ఆ తర్వాత పెద్ద లాయాలకు ప్రవేశం లేని కొన్ని రేసులు పెట్టాలని అక్కడి రేసింగ్ సంస్థ ప్రకటించింది. అలాంటివి ఇంకా రావాలి. లేకపోతే ఓనర్లంతా పెద్ద లాయానికే పోతారు, అక్కడ వాళ్లది పదో గుర్రం అవుతుంది.

హోస్ట్: ఆ రెండో గుర్రం విషయంలో తర్వాత మీరేం మార్చారు?

గెస్ట్: నా చేతిలో ఉన్నంతవరకు మార్చాను. ముందు రోజు సాయంత్రం ఓనర్‌కు ఫోన్ చేసి, అదే రేసులో మనది ఇంకోటి ఉంది, జాకీ ఎవరు, ఎలా తోలించబోతున్నాం అని చెప్పడం మొదలుపెట్టాను. జాకీలిద్దరికీ విడివిడిగా సూచనలు. కలిపి చెబితే ఒకరి పథకం ఇంకొకరిని కట్టేస్తుంది. చెప్పేటప్పుడు ఆ గుర్రం ఓనర్‌నూ సైసునూ పక్కన నిలబెట్టేవాణ్ని. కొన్నాళ్లకు అదే రెండో గుర్రం మా మొదటి గుర్రంతో పాటే మళ్లీ పరుగెత్తింది. ఈసారి కొత్త జాకీకి అయిదు నిమిషాలు చెప్పాను. నాలుగో స్థానంలో వచ్చింది. ఇద్దరు సైసులు గుర్రాలను ప్యాడక్‌లోకి తీసుకొస్తున్నారు. మొదటిదాని చుట్టూ ఫొటోలు. రెండోదాని సైసు దాని మెడ తుడుస్తూ నా దగ్గరకు వచ్చి, "చివర్లో అయిదు గుర్రాలను దాటింది సార్, చూశారా?" అన్నాడు. చూశానన్నాను. నిజంగానే చూశాను, బైనాక్యులర్స్ ఆ చివరి మలుపు నుంచీ దాని మీదే పెట్టాను.