బాగైపోయావుగా!

తమ్ముడు: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో అతిథి మా అక్క. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ నుంచి బయటపడి 4 ఏళ్ళయింది. ఆమెను మైకు ముందు కూర్చోబెట్టడానికి మాత్రం నాకు ఏడాది పట్టింది.

అక్క: అబద్ధం. ఒక్కసారి అడిగావు, నేను కసిరాను, మళ్ళీ ఏడాది దాకా నోరెత్తలేదు.

తమ్ముడు: సరే, అలాగే కానీ. కీమో అయిపోయిన రోజు గుర్తుందా? ఇల్లంతా సంబరం.

అక్క: సంబరం మీకు. నాకు భయమేసిందిరా. 6 నెలల పాటు పదిహేను రోజులకోసారి, మొత్తం 12 సార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా రక్తపరీక్ష, డాక్టరు చూడటం, నర్సు పలకరింపు. ఎవరో ఒకరు నన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. ఉన్నట్టుండి "ఇక మూడు నెలల తర్వాత రండి" అన్నారు. ఈ మూడు నెలలూ నన్ను చూసేదెవరు?

తమ్ముడు: మేమేమో "బాగైపోయావుగా" అంటూ తిరిగాం.

అక్క: ఆ మాట వింటే ఒళ్ళు మండేది. మీ తప్పు కాదులే. జుట్టొచ్చింది, అదీ రింగులు తిరిగి. మొహం తేరుకుంది. చూసేవాళ్ళకి ఇంకేం కావాలి? నాకేమో చొక్కా గుండీ పెట్టుకోవడం రావట్లేదు. వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయి, గుండీ చేతిలో ఉందో జారిందో కంటితో చూస్తే గానీ తెలిసేది కాదు. విన్‌బ్లాస్టిన్ అని ఒక మందు ఇచ్చారు, నరాల మీద దాని ప్రభావం అది. తగ్గడానికి 8 నెలలు పట్టింది.

తమ్ముడు: ఆ ఎర్ర మందు సంగతి?

అక్క: డాక్సోరుబిసిన్. నిజంగానే ఎర్రగా ఉంటుంది. రక్తనాళం దాటి బయటికి కారితే చుట్టూ కండ దెబ్బతింటుందని, నర్సు పక్కనే కూర్చుని సిరంజితో మెల్లగా ఎక్కించేది. ఆ పూట మూత్రం కూడా ఎర్రగానే వచ్చేది. ఇప్పటికీ ఆ రంగు నీళ్ళు సీసాలో కనబడితే కడుపులో తిప్పుతుంది. మందు ఆపి ఇన్నేళ్ళయిందని కడుపుకేం తెలుసు?

తమ్ముడు: నువ్వెవరో డాక్టరు రాసింది చదివానన్నావు కదా.

అక్క: ఫిట్జ్‌హ్యూ మల్లన్. అమెరికా డాక్టరు, ఆయనకే క్యాన్సర్ వచ్చింది. 1985లో ఒక వైద్య పత్రికలో రాశాడు. మునిగిపోయేవాళ్ళను నీళ్ళలోంచి లాగడం బాగా నేర్చుకున్నాం గానీ, ఒడ్డున పడేశాక దగ్గుతూ ఉక్కిరిబిక్కిరవుతుంటే వాళ్ళ మానాన వదిలేస్తున్నాం అని ఆయన బాధ. మూడు దశలు చెప్పాడు. మొదటిది చికిత్స జరిగే కాలం. రెండోది, చికిత్స ఆగిపోయి, తిరగబెడుతుందేమోనని చూసుకునే కాలం. మూడోది, ఆ భయం బాగా తగ్గి స్థిమితపడే కాలం. అది చదివి ఏడ్చాను. నేనింకా రెండో దశలోనే ఉన్నాను, మీరంతా నన్ను మూడోదాంట్లో కూర్చోబెట్టేశారు.

తమ్ముడు: స్కాన్ ముందు వారం పలకరిస్తే కరిచేదానివి, అది మాత్రం తెలుసు.

అక్క: స్కాన్ టెన్షన్ వారం రోజులే. రాత్రిళ్ళే కష్టం. జబ్బు బయటపడకముందు రాత్రిపూట చెమటతో పక్కంతా తడిసిపోయేది కదా. తర్వాత ఎండాకాలం వచ్చింది. ఎండాకాలం ఎవరికైనా పడుతుంది చెమట. నేను మాత్రం లేచి దుప్పటి తడిమి చూసేదాన్ని. ఒకసారి నీ గదిలోకొచ్చి నీ దిండు కూడా తడిమాను.

తమ్ముడు: అది నువ్వా! దొంగనుకున్నాను.

అక్క: నీ దిండూ తడిసింది. హాయిగా వెళ్ళి పడుకున్నాను.

తమ్ముడు: ఇంత జరిగాక మనిషి మారిపోతారంటారు...

అక్క: జీవితం విలువ తెలిసిందా అనేగా? కోపం ఎక్కువైంది. చిన్నవాటికి బాధపడటం మానేస్తాననుకున్నాను గానీ, పోయిన వారం ఛార్జర్ కనబడలేదని ఇల్లు పీకి పందిరేశాను. సాయంత్రం తట్టింది, పొద్దుట్నుంచీ జబ్బు సంగతే గుర్తు రాలేదని.

తమ్ముడు: వినేవాళ్ళకు కనబడదు కాబట్టి చెబుతున్నా. ఇందాకట్నుంచీ నీ చెయ్యి మెడ మీదే ఉంది.

అక్క: ఉందా? గడ్డ మొదట తగిలింది ఇక్కడేరా. ఫోన్లో మాట్లాడుతున్నా ఇక్కడికే పోతుంది. ఇదిగో, తీసేశాను. ఊఁ, అడుగు.