ఎర్రలు తవ్వే గుంటడే మాస్టారు

శ్రోతలకు నమస్కారం.

ఏరువాక పున్నమి దాటి నాలుగు వానలు పడ్డాయంటే మన శ్రీకాకుళం పల్లెల్లో నూతి గట్టు దగ్గర, అరటి చెట్ల మొదట్లో, గత్తం కుప్ప అంచున వానపాములు కనిపిస్తాయి. చెరువులో గాలం వేసే గుంటలకు, అదే మన కుర్రాళ్లకు, ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఎర్రలు, అంటే గాలానికి గుచ్చే ఈ వానపాములే, ఏ మన్నులో దొరుకుతాయో, ఎక్కడ తవ్వినా దండగో వాళ్లకు తెలుసు. తరగతిలో వెనక వరసలో కూర్చునేది కూడా చాలాసార్లు వాళ్లే. వానపాముల పాఠం వచ్చిన రోజు అలాంటి ఒక గుంటణ్ణి ముందు నడవమని, మిగతా పిల్లల్ని వాడి వెనక పంపండి.

'వానపాము రైతు మిత్రుడు' అని అయిదుసార్లు రాయించడం నాకు నచ్చదు. ఎందుకు మిత్రుడురా అని అడిగితే ఒక్కరూ చెప్పలేరు.

పిల్లల్ని చెయ్యి తడుపుకుని వానపామును అరచేతిలో పెట్టుకోమనండి. తడి ఎందుకంటే, దానికి ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే గాలి పీలుస్తుంది. చర్మం ఆరితే చచ్చిపోతుంది. కాస్త పెద్దదాన్ని పొడి కాగితం మీద వదిలి, చెవి దగ్గర పెట్టి వినమనండి. సన్నగా గీరుతున్న చప్పుడు వస్తుంది. ఒంటి కింద ఉండే చిన్న ముళ్లలాంటి వెంట్రుకలవి, వాటితోనే నేలను పట్టుకుని పాకుతుంది. విన్న వెంటనే తడి మట్టిలో వదిలేయాలి.

దానికి చెవులు లేవు. చార్లెస్ డార్విన్ వానపాముల మీద 1881లో ఒక పుస్తకమే వేశాడు. ఇంట్లో కుండీల్లో పెంచి, పక్కనే పియానో వాయింపజేస్తే అవి పట్టించుకోలేదు. కుండీని పియానో మీదే పెట్టి మీట నొక్కేసరికి బొరియల్లోకి దూరిపోయాయి. అదురు తెలుస్తుందన్నమాట. అంతటి శాస్త్రవేత్త ముసలితనంలో చేసిన పని ఇది అని చెబితే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక అసలు పని. గాజు సీసాలో ఇసక ఒక పొర, నల్లమట్టి ఒక పొర, మళ్లీ ఇసక, పైన ఎండుటాకులు వేసి, కాస్త నీళ్లు చిలకరించి, నాలుగైదు వానపాముల్ని వదలండి. గాలి ఆడేలా గుడ్డ కట్టి, సీసా చుట్టూ నల్ల కాగితం చుట్టండి, వెలుతురు వాటికి గిట్టదు. రెండు మూడు వారాలకు కాగితం తీస్తే పొరలు కలిసిపోయి ఉంటాయి, ఆకులు కిందికి దిగి ఉంటాయి. మన మెట్ట పొలాల ఎర్రనేల వాన వెలిసి ఎండ కాస్తే పైన పెచ్చు కట్టేస్తుంది. తర్వాతి వాన నీరు ఇంకక జారిపోతుంది. వానపాముల బొరియలున్న చోట ఆ నీరు లోపలికి దిగుతుంది, వేళ్లకు గాలీ అందుతుంది. తిన్న ఆకూ మట్టీ విసర్జనగా బయటికొచ్చేసరికి మొక్క తేలిగ్గా తీసుకోగలిగే ఎరువవుతుంది. కొట్లో సంచీల్లో అమ్మే వర్మీకంపోస్టు కూడా ఇదే.

తల్లులకు ఒక టెన్షన్ ఉంటుంది, ముట్టుకుంటే పిల్లల కడుపులో పురుగులు పడతాయేమోనని. కడుపులో ఉండే ఏలికపాములు వేరు, ఇవి వేరు. అయితే ఏలికపాముల గుడ్లు మట్టిలో ఉండవచ్చు కాబట్టి, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడగాల్సిందే. బడిలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించడమూ మానొద్దు.

రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయా అని ఎవడో ఒకడు అడిగే తీరతాడు. అవ్వవు. తోక ముక్క చచ్చిపోతుంది, తల ముక్క ఒక్కోసారి బతుకుతుంది. బ్లేడు తియ్యకముందే ఈ మాట చెప్పేయండి.

సెలవు.