విజయనగరంలో కొత్త కారు: ఏ ఫీచర్‌కి డబ్బు పెట్టాలి, ఇన్సూరెన్స్‌లో ఏది కొట్టేయాలి

నమస్తే అండీ. ఈ వీడియో విజయనగరం నుంచి. దసరా సెలవులకి ఊరొచ్చి, అమ్మానాన్నల కోసం కారు బుక్ చేసే ఎన్నారైలకి ఇది పనికొస్తుంది. పైడితల్లమ్మ పండగ ముందు షోరూముకి వెళ్తే సేల్స్ కుర్రాడు ఒక కొటేషన్ చేతిలో పెడతాడు: ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ ప్యాకేజీ, అడుగున ఆన్‌రోడ్ ధర. మనం దాన్ని డాలర్లలోకి మార్చుకుని "పర్లేదులే" అనేస్తాం. ఆ కాగితంలో ప్రతి లైనూ విడివిడిగా అడగాల్సిందే.

ముందు ఒక తేడా. అమెరికాలో ఇన్సూరెన్స్ మనిషిని చూస్తుంది: వయసు, ట్రాఫిక్ టికెట్లు, చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ స్కోరు. ఇక్కడ ప్రధానంగా బండిని చూస్తుంది: ధర, ఇంజన్ సీసీ, వయసు, ఎక్కడ రిజిస్టర్ అయింది. పాత టారిఫ్‌లో, అంటే ఇన్సూరెన్స్ రేట్ల పట్టికలో, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి ఎనిమిది పెద్ద నగరాలు ఏ జోన్, మిగతా దేశమంతా బీ జోన్. విజయనగరం, శ్రీకాకుళం బీ జోన్‌లోకే వస్తాయి, రేటు కాస్త తక్కువ.

లెక్క చూద్దాం. 1197 సీసీ పెట్రోలు బండి, ఎక్స్‌షోరూమ్ 9,80,000 అనుకోండి. కొత్త బండికి ఐడీవీ, అంటే బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ సొమ్ము, ఎక్స్‌షోరూమ్‌లో 95 శాతం: 9,31,000. దీనిమీద బీ జోన్ టారిఫ్ రేటు 3.191 శాతం, అంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టేది) సుమారు 29,700. ఇది పుస్తకంలో రేటు. దీనిమీద ఎంత డిస్కౌంట్ ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టం. బేరం జరిగేది ఇక్కడే. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టం కోసం కట్టేది) దగ్గర బేరం లేదు, అది ప్రభుత్వం నిర్ణయించిన రేటు. 2022 జూన్ నాటి నోటిఫికేషన్ ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కొత్త కారుకి మూడేళ్ళకి కలిపి 10,640. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి మూడేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికి తీసుకుంటే చాలు. అన్నిటిమీదా 18 శాతం జీఎస్టీ.

ఇప్పుడు పై వేరియంట్‌కి 75,000 ఎక్కువ అన్నాడనుకుందాం. ఐడీవీ 71,250 పెరుగుతుంది. ఓన్ డ్యామేజ్‌లో సగం డిస్కౌంట్ ఇచ్చినా, జీఎస్టీతో కలిపి ఏడాదికి 1,340 దాకా అదనం. ఇది పెద్ద దెబ్బ కాదు. అసలు దెబ్బ ఏటంటే ధర 10,55,000 అయిపోయింది. పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపన్ను) పడుతుంది, అదీ దాటిన ముక్క మీద కాదు, మొత్తం మీద: 10,550. రిటర్న్ వేస్తే ఆ డబ్బు పన్నులో సర్దుబాటవుతుంది, లేదా వెనక్కొస్తుంది. ఎవరి పాన్ మీద బిల్లయిందో వాళ్ళు రిటర్న్ వేయాలి మరి. ఇండియాలో రిటర్న్ వేయని ఎన్నారై పేరుమీద బిల్లు చేయిస్తే ఆ పదివేలకి నీళ్ళొదులుకున్నట్టే. లైఫ్ ట్యాక్స్ శ్లాబు కూడా ధరతోపాటు మారుతుంది కాబట్టి, రెండు వేరియంట్లకీ ఆన్‌రోడ్ విడివిడిగా రాయించుకోండి. ఎక్స్‌షోరూమ్ తేడా చూసి నిర్ణయం చేయకండి.

పగిలినప్పుడు ఏమవుతుందో చూద్దాం. క్లెయిమ్ చేస్తే కంపెనీ విడిభాగాల మీద తరుగుదల కోస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులు: బండి నిన్ననే కొన్నా 50 శాతం కోత. ఫైబర్ 30. గాజుకి కోత లేదు. రేకు, ఇనుము భాగాలకి మొదటి ఆరు నెలలు ఏమీ లేదు, ఏడాదిలోపు 5, రెండేళ్ళలోపు 10, అలా పెరుగుతుంది. పెయింటింగ్ బిల్లులో పావు వంతుని రంగు ఖర్చుగా లెక్కేసి, అందులో సగం కోస్తారు.

ముందు బంపర్ పగిలిందనుకోండి. బంపర్ 12,000, పెయింటింగ్ 6,000, లేబర్ 2,000, మొత్తం 20,000. బంపర్లో సగం, 6,000 మనది. రంగులో 750 మనది. 1500 సీసీ లోపు బండికి తప్పనిసరి కోత 1,000. అంటే 7,750 చేతి నుంచి. తరుగుదల కోయకుండా చేసే జీరో డిప్రిసియేషన్ యాడ్ఆన్ (పాలసీ మీద అదనంగా కొనేది) ఉంటే ఆ వెయ్యి కడితే సరిపోతుంది. దీన్నే మన షెడ్లలో బంపర్ టు బంపర్ అంటారు. పేరు చూసి అంతా వచ్చేస్తుందనుకోకండి: ఆయిలు, కూలెంట్, ఏసీ గ్యాస్, నట్లు, బోల్టులు ఇందులో రావు. వాటికి కన్‌జ్యూమబుల్స్ అని వేరే యాడ్ఆన్. ఏడాదికి ఎన్ని జీరో డిప్ క్లెయిములకి ఒప్పుకుంటారో కూడా పాలసీలో రాసుంటుంది, చాలావాటిలో రెండే.

పై వేరియంట్ బంపర్ వట్టి ప్లాస్టిక్ ముక్క కాదు. దాని వెనకాల ఏడాస్ (డ్రైవర్‌ని హెచ్చరించి, అవసరమైతే తనే బ్రేకు వేసే వ్యవస్థ) రాడార్, పార్కింగ్ సెన్సార్లు, కెమెరా. హెడ్‌ల్యాంపు ఎల్ఈడీ అయితే బల్బు మార్చే వీలుండదు, చాలా మోడళ్ళలో సెట్టే మార్చాలి. దాని అద్దం అనుకునేది కూడా ప్లాస్టిక్కే, సగం కోత. సైడ్ మిర్రర్‌లో 360 డిగ్రీల కెమెరా ఉంటే, సందులో ఆటో గీసుకుపోయిన ప్రతిసారీ ఆ లెక్కే. ముందు అద్దం మీద కెమెరా ఉన్న బండికి అద్దం మారిస్తే కాలిబ్రేషన్ చేయాలి. ఆ పని మీ ఊరి సర్వీస్ సెంటర్లో జరుగుతుందా, వైజాగ్ పంపాలా అని కొనకముందే అడగండి. విజయనగరం నుంచి వైజాగ్ అరవై కిలోమీటర్లు, పర్లేదు. ఇచ్ఛాపురం వాళ్ళకి అది రెండు రోజుల పని. ఫీచర్లు ఎక్కువున్న బండికి జీరో డిప్ తీసేయడం మాత్రం తప్పు లెక్క.

సన్‌రూఫ్ సంగతి. ఉద్దానం వాళ్ళు, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు వాళ్ళు, ఒకసారి తలెత్తి చూసుకోండి. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. ముప్పై అడుగుల మీంచి కాయ పడితే రేకుకి సొట్టతో పోతుంది, గాజుకి అలా పోదు. గాజుకి తరుగుదల లేదు నిజమే, కానీ దాని చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌కి, ప్లాస్టిక్ ఫ్రేముకి ఉంది. పైగా సన్‌రూఫ్‌కి నీళ్ళు పోయే సన్న గొట్టాలుంటాయి, ఆకులూ దుమ్మూ చేరి మూసుకుపోతే నీళ్ళు లోపలి సీలింగ్ గుడ్డ మీదకి దిగుతాయి. నీడకోసం చెట్టు కింద పెట్టే బండికి సన్‌రూఫ్ దండగ.

మరి డబ్బు దేనికి పెట్టాలి? ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ, వెనక వైపరు, డీఫాగరు, రివర్స్ కెమెరా, మంచి హెడ్‌ల్యాంపులు. టెక్కలి దాటి పలాస వైపు రాత్రి పూట 16వ నంబరు హైవే మీద లైట్లు లేని ట్రాక్టరు, రోడ్డు మధ్యలో పడుకున్న గేదె, రెండూ తగులుతాయి. అక్కడ ఆటోమేటిక్ బ్రేకింగ్ పనికొస్తుంది, గేదెని అది గుర్తుపడుతుందన్న భరోసా పెట్టుకోకుండా. ఊళ్ళోకొచ్చాక అదే ఏడాస్ అడుగడుక్కీ కూస్తుంది, నాన్నగారు విసుగెత్తి ఆపేస్తారు. ఆపేసే దానికి లక్ష పెట్టాలా అన్నది మీరు తేల్చుకోండి.

ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ మన జిల్లాల్లో వద్దనకండి. దసరాకి కొంటాం, తుపాన్లూ అప్పుడే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. చెట్టు విరిగి పడినా, వరదలో సీట్లు తడిసినా మామూలు సమగ్ర పాలసీ ఇస్తుంది. కానీ నీళ్ళు ఇంజన్లోకి వెళ్ళాక తాళం తిప్పితే పిస్టన్ నీళ్ళని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇది మీరు చేసిన తర్వాతి నష్టం అని చెప్పి మామూలు పాలసీ ఇవ్వదు. కాబట్టి రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్ళలో బండి ఆగితే స్టార్ట్ చేయొద్దు. న్యూట్రల్‌లో పెట్టి తోయించండి, నీళ్ళు ఎంతవరకున్నాయో ఫోటో తీయండి, వీలైతే బ్యాటరీ నెగటివ్ తీసేయండి, కంపెనీకి ఫోన్ చేసి టోయింగ్ అడగండి. ఇంట్లో బండి తోలేవాళ్ళకి ఈ ముక్క తప్పకుండా చెప్పి ఫ్లైటెక్కండి.

రిటర్న్ టు ఇన్‌వాయిస్ మొదటి మూడేళ్ళూ ఆలోచించదగ్గదే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద కడతారు, రెండో ఏడాదిలో ఐడీవీ 20 శాతం తరిగిపోయి ఉంటుంది. ఈ యాడ్ఆన్ ఉంటే బిల్లు ధర వస్తుంది, చాలా పాలసీల్లో రోడ్డు ట్యాక్సూ రిజిస్ట్రేషనూ కూడా. తాళంచెవి పోతే ఇచ్చే యాడ్ఆన్, బండిలో సామాన్లు పోతే ఇచ్చే యాడ్ఆన్ కొట్టించేయండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ బండి కంపెనీ వారంటీతోనే ఇస్తుందేమో చూడండి, రెండుసార్లు కట్టకండి.

అమెరికా అలవాటుతో డిడక్టిబుల్ పెంచి ప్రీమియం తగ్గిద్దాం అనుకుంటారు. ఇక్కడ ఆ పప్పులుడకవు. టారిఫ్ ప్రకారం 15,000 దాకా మనమే భరిస్తామన్నా తగ్గేది గరిష్ఠంగా 2,500.

ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ వేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్). దీని దగ్గర ఎన్నారైలు ఎక్కువ పోగొట్టుకుంటారు. నాన్నగారి పాత బండికి ఐదేళ్ళుగా క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఉంటుంది. అది బండికి కాదు, యజమానికి చెందుతుంది. పాతది అమ్మి, కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటరు తీసుకుంటే మూడేళ్ళలోపు కొత్త బండికి వాడుకోవచ్చు. కొడుకు తన పేరున కొన్నాడో, ఆ సగం గోవిందా. విదేశంలో సంపాదించిన నో క్లెయిమ్‌కి కూడా, అక్కడి పాలసీ ముగిసి మూడేళ్ళు దాటకపోతే, టారిఫ్‌లో వెసులుబాటు ఉంది. అక్కడి కంపెనీ లెటరు పట్టుకుని ఇన్సూరెన్స్ ఆఫీసుకే వెళ్ళి అడగండి. చిన్న గీతలకి క్లెయిమ్ వేస్తే ఈ ఎన్‌సీబీ సున్నాకి పడిపోతుంది, నాలుగైదు వేల బిల్లు చేత్తో కట్టేయడమే లాభం.

షోరూము వాడు "ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలండి" అంటే వినక్కర్లేదు. డీలర్ల ద్వారా అమ్మే ఇన్సూరెన్స్‌కి 2017 నవంబరు నుంచి నిబంధనలున్నాయి, పాలసీ ఎక్కడ కొనాలన్నది మన ఇష్టం. బయట కొటేషన్ రెండు తెచ్చి చూపిస్తే డిస్కౌంట్ అదే పెరుగుతుంది. పోల్చేటప్పుడు ఐడీవీ, యాడ్ఆన్లు రెండింటిలోనూ ఒకటే ఉండాలి. ఐడీవీ తగ్గించి ప్రీమియం చవగ్గా చూపించడం పాత ఎత్తు. బండి ఏడాదిలో పది నెలలు షెడ్లోనే ఉంటుందంటే కిలోమీటర్ల లెక్కన కట్టే యాడ్ఆన్ అడగండి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022లో అనుమతించింది. కిలోమీటర్లు దాటితే ఏం చేస్తారో చదివి సంతకం పెట్టండి.

డెలివరీ రోజు టైరు కింద నిమ్మకాయలు పెట్టేముందు పాలసీ తెరిచి ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండితో సరిచూడండి. విడిగా బిగించిన స్టీరియో, లైట్లు పాలసీలో రాయించకపోతే క్లెయిమ్‌లో అవి లేనట్టే. యజమానికి 15 లక్షల ప్రమాద బీమా లైసెన్సు ఉన్న యజమానికే వర్తిస్తుంది, బండి అమ్మ పేరున ఉండి ఆవిడకి లైసెన్సు లేకపోతే ఆ లైను తీయించేయండి. మీ ఇండియా లైసెన్సు తేదీ కూడా చూసుకోండి. గడువు దాటిన లైసెన్సుతో తోలుతుండగా ప్రమాదం జరిగితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. గడువు దాటి ఏడాది కూడా అయిపోతే రెన్యువల్‌కి మళ్ళీ టెస్ట్ ట్రాక్ ఎక్కాల్సిందే, దానికి మీ సెలవుల్లో రోజులు ఉంచుకోండి.