తేనెపిట్టను తేనెపిట్ట అనండి

అందరికీ నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను, అయినా కప్పారు, సంతోషం. నన్ను పిలిచింది పెరటి పిట్టల గురించి మాట్లాడమని. మాట్లాడతాను, కానీ చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న కోపం ఒకటి ముందు చెప్పనివ్వండి.

మా స్కూల్లో మందార పువ్వు మీద వాలిన నల్లటి బుల్లి పిట్టను చూపించి హమ్మింగ్ బర్డ్ అన్నారు. అది తేనెపిట్ట! మా అమ్మమ్మకు తెలిసిన పేరు మా మాస్టారు మరిపించారు. ఇప్పటికీ వాట్సాప్‌లో రోజూ చూస్తున్నా, "మా బాల్కనీలో హమ్మింగ్ బర్డ్ గూడు కట్టింది" అని. హమ్మింగ్ బర్డులు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవండీ.

మరి అసలుది ఎలా ఉంటుంది? ఒక్కదాని గురించే చెప్తా. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ దేశం నైరుతి మూల, ఆండీస్ పర్వతాల్లో, సెర్రో దె ఆర్కోస్ అనే కొండ ఉంది. అక్కడ సుమారు 3,300 నుంచి 3,700 మీటర్ల ఎత్తులో గడ్డి, ముళ్లపొదలు, రాళ్లు, ఆగని గాలి. ఆ నేలను పారమో అంటారు. 2017లో అక్కడ ఫ్రాన్సిస్కో సోర్నోజా అనే పరిశోధకుడి కంట ఒక పిట్ట పడింది, 2018లో కొత్త జాతిగా ప్రకటించారు. పేరు ఓరియోట్రోకిలస్ సయనోలీమస్, అంటే నీలిగొంతుది. మనకైతే నీలకంఠం అంటే చాలు.

మగదానికి గొంతు నిండా మెరిసే నీలం, దాని కింద నల్లటి అంచు, ఆ కింద తెల్లటి పొట్ట, వీపు ఆకుపచ్చ. ఆడదానికి ఆ నీలం లేదు, రంగులు వెలిసినట్టు ఉంటాయి. చుకిరాగా అని ఒక పొద, ఆకులు సూదుల్లా గుచ్చుకుంటాయి, పువ్వులు నారింజ రంగు, ఆ తేనే దీనికి ముఖ్యమైన తిండి, చిన్న పురుగులు కూడా తింటుంది. ఇక్కడ కాస్త వినండి. హమ్మింగ్ బర్డ్ అనగానే గాల్లో నిలబడి తాగుతుందనుకుంటాం కదా, ఈ నీలకంఠం, దాని దగ్గరి చుట్టాలు, అంటే హిల్‌స్టార్ అనే పిట్టలు, ఎక్కువగా కొమ్మను గట్టిగా పట్టుకుని కూర్చునే తాగుతాయి, ఆ పల్చటి గాలిలో రెక్కలాడించడం అంటే ఒంట్లో శక్తంతా ఖర్చే. రాత్రి చలికి ఆండీస్ హమ్మింగ్ బర్డులు ఒళ్లు చల్లబరుచుకుని మొద్దుబారిపోతాయి. బ్లాక్ మెటల్‌టెయిల్ అనే ఇంకో జాతి ఒంటి వేడి 3.3 డిగ్రీల సెల్సియస్ దాకా దిగడం పెరూలో కొలిచారు. తెల్లారేసరికి మళ్లీ వేడెక్కి పువ్వుల దగ్గరికి పోతుంది!

ఈ నీలకంఠాలు 750కి మించి లేవని పేరు పెట్టినవాళ్లే అంచనా వేశారు. గడ్డికి నిప్పు పెడుతున్నారు, పశువులు మేస్తున్నాయి, బంగారం గనుల భయం ఒకటి. పేరు పెట్టేనాటికే అది అంత ప్రమాదంలో ఉంది, అయినా పేరంటూ వచ్చాకే కదా దాని తరఫున అడగడానికి వీలైంది. మనమేమో ఉన్న పేరు చేతులారా వదిలేస్తున్నాం. అమ్మా, మీరు చెప్పండి, మీ పిల్లలకు తేనెపిట్ట అనే మాట తెలుసా?

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. పెరటి పిట్టల గురించి చెప్పలేకపోయాను, క్షమించండి. వెళ్లేటప్పుడు గేటు పక్కన బోగన్‌విల్లా తీగకు ఒక గూడు వేలాడుతోంది, సాలెగూడు దారాలతో అల్లింది, పక్కన ద్వారం, ద్వారం మీద చిన్న చూరు. తల్లి లోపలే ఉంది. మెల్లగా నడవండి.