ఫుల్‌స్టాప్‌లో దాచిన లింకు: సైట్‌మ్యాప్‌లు, గూగుల్ పెనాల్టీలు

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ ఒక చుక్కతో మొదలుపెడదాం. పేజీ అడుగున కాపీరైట్ లైన్ ఉంటుంది కదా, కొందరు దాని చివర ఫుల్‌స్టాప్‌కి లింకు తగిలించి సైట్‌మ్యాప్‌కి, అంటే సైటులోని పేజీల చిరునామాల జాబితాకి, కలుపుతారు. చూసేవాళ్ల కంటికి ఆనదు, పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాట్‌కి మాత్రం దారి దొరుకుతుందని. ఇది తప్పేనా అండీ?

గెస్ట్: తప్పే, పైగా దండగ పని. పేరా మధ్యలో హైఫన్ లాంటి చిన్న గుర్తుకి లింకు పెట్టడం గూగుల్ స్పామ్ పాలసీల్లో ఉదాహరణగానే ఉంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లక్షరాలు, బొమ్మ వెనక టెక్స్ట్, పేజీ రూపం నిర్ణయించే సీఎస్ఎస్‌తో స్క్రీన్ అవతలికి తోసేయడం, ఫాంట్ సైజో ఒపాసిటీయో సున్నా చేయడం, అన్నీ అదే పద్దు. సొంత సైట్‌మ్యాప్‌కి చుక్కలో లింకు పెడితే రేపే సైటు మాయమైపోతుందని కాదు. కానీ దానివల్ల ఒరిగేదేమీ లేనప్పుడు ఆ జాబితాలోకి ఎక్కడం ఎందుకు?

హోస్ట్: మరి సైట్‌మ్యాప్‌ని గూగుల్‌కి చూపించేదెలా?

గెస్ట్: మనుషుల కోసం చేసిన హెచ్‌టీఎంఎల్ సైట్‌మ్యాప్ పేజీ అయితే ఫుటర్‌లో చదవగలిగే అక్షరాల్లో లింకు ఇవ్వండి. సెర్చ్ ఇంజిన్ల కోసం చేసే ఎక్స్ఎంఎల్ సైట్‌మ్యాప్‌కి పేజీలో లింకే అక్కర్లేదు. సెర్చ్ ఇంజిన్ బాట్‌లకి సూచనలిచ్చే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో ‘సైట్‌మ్యాప్’ అని రాసి, కోలన్ పెట్టి, హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి చిరునామా ఇవ్వాలి. ఒక్క లైన్. తర్వాత సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్స్ రిపోర్టుకి వెళ్లి అదే చిరునామా సబ్మిట్ చేయాలి. పాత ట్యుటోరియల్స్‌లో సైట్‌మ్యాప్ మారిందని గూగుల్‌కి చెప్పే పింగ్ యూఆర్‌ఎల్ ఒకటి కనిపిస్తుంది. గూగుల్ 2023లో దాన్ని ఎత్తేసింది, వదిలేయండి.

హోస్ట్: చిన్న సైటుకి కూడా కావాలా?

గెస్ట్: దాదాపు 500 పేజీల లోపు ఉండి, హోమ్ పేజీ నుంచి లింకులు పట్టుకుని అన్ని పేజీలకీ వెళ్లగలిగితే అవసరం ఉండకపోవచ్చని గూగులే చెబుతోంది. ఉంటే నష్టం లేదు. అయితే సైట్‌మ్యాప్ సూచన మాత్రమే, ఇండెక్స్ చేస్తామన్న, అంటే పేజీని గూగుల్ జాబితాలో చేర్చుకుంటామన్న హామీ కాదు. ఎక్కడి నుంచీ లింకు లేని పేజీని సైట్‌మ్యాప్‌లో ఎక్కించినా, సైటు యజమానే పట్టించుకోని పేజీలాగే కనిపిస్తుంది. దాచిన లింకు ఆలోచన పుట్టేది సరిగ్గా ఇక్కడే. మెనూలో పెడితే డిజైన్ పాడవుతుందని ఒక మూల కనపడకుండా పెడతారు. దానికి మందు ఒకటే: విషయం కలిసే పేజీలో, వాక్యం మధ్యలో, కనిపించే లింకు. అదీ హెచ్‌టీఎంఎల్‌లో లింకు కోసం ఉండే ‘a’ ట్యాగ్‌లో, చిరునామా చెప్పే హెచ్‌ఆర్‌ఈఎఫ్‌తో. జావాస్క్రిప్ట్ ఆన్‌క్లిక్‌తో చేసిన బటన్ మనిషి నొక్కితే పని చేస్తుంది గానీ గూగుల్‌బాట్ దాన్ని పట్టుకుని వెళ్తుందని నమ్మకం లేదు. అంటే తెలియకుండానే సెర్చ్ ఇంజిన్ నుంచి లింకు దాచేసినట్టు. ఇది చాలా సైట్లలో ఉంటుంది, ఎవరూ తిట్టరు, పేజీలు మాత్రం ఇండెక్స్‌లోకి రావు.

హోస్ట్: ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఎక్కువగా జరిగే తప్పులేంటి?

గెస్ట్: ఒక ఫైలుకి హద్దు 50,000 యూఆర్‌ఎల్స్, కంప్రెస్ చేయకముందు 50 ఎంబీ. దాటితే ముక్కలు చేసి ఒక సైట్‌మ్యాప్ ఇండెక్స్ ఫైల్లో కలపాలి. చాలామంది ఈ హద్దు దాకా రారు. వాళ్లని పడగొట్టేది ఒక ఖాళీ లైన్. వర్డ్‌ప్రెస్ లాంటి వాటి థీమ్‌లోనో ప్లగిన్‌లోనో పీహెచ్‌పీ ట్యాగ్‌కి ముందో వెనకో మిగిలిపోయిన ఖాళీ లైన్ వచ్చి సైట్‌మ్యాప్ మొదట్లో కూర్చుంటుంది. ఫైలు మొదట ఉండే ఎక్స్ఎంఎల్ డిక్లరేషన్ లైన్‌కి ముందు ఒక్క స్పేస్ కూడా ఉండకూడదు, ఉంటే ఫైలు చదవడం అక్కడే ఆగిపోతుంది. ఇంకోటి, యూఆర్‌ఎల్‌లో ఆంపర్‌సాండ్ (&) ఉంటే దాన్ని ఎస్కేప్ చేయకుండా, అంటే &గా మార్చకుండా వదిలేయడం. ఇక ఇండెక్స్ చేయొద్దని నోఇండెక్స్ పెట్టిన పేజీలు, వేరే చిరునామాకి రీడైరెక్ట్ అయ్యేవి, పేజీ లేదని 404 ఇచ్చేవి కూడా జాబితాలో కలిపేస్తారు. భోజనానికి పిలిచి తలుపు గొళ్లెం పెట్టుకున్నట్టు ఉంటుంది. సరిగ్గా తెరుచుకున్నట్టు 200 స్టేటస్ ఇచ్చే, ఒకే పేజీకున్న చిరునామాల్లో అసలైనవిగా ఎంచిన కనానికల్ చిరునామాలు మాత్రమే ఉంచండి.

హోస్ట్: సైట్‌మ్యాప్‌లో పేజీలకిచ్చే ప్రయారిటీ విలువలు?

గెస్ట్: ప్రయారిటీని, పేజీ ఎంత తరచుగా మారుతుందో చెప్పే చేంజ్‌ఫ్రీక్‌ని గూగుల్ చూడదు. చివరి మార్పు ఎప్పుడో చెప్పే లాస్ట్‌మాడ్ తేదీని చూస్తుంది, అదీ నిజమని నమ్మకం కుదిరితేనే. రాత్రి ఫైలు తయారైన ప్రతిసారీ అన్ని పేజీలకీ అదే రోజు తేదీ పడుతుంటే ఆ నమ్మకం పోతుంది. పేజీలో చెప్పుకోదగ్గ మార్పు చేసినప్పుడే తేదీ మారాలి.

హోస్ట్: ఇప్పుడు పెనాల్టీలు. ట్రాఫిక్ పడితే చాలు, పెనాల్టీ పడిందంటారు.

గెస్ట్: మాన్యువల్ యాక్షన్ అంటే గూగుల్‌లో మనిషి చూసి వేసే పెనాల్టీ. సెర్చ్ కన్సోల్‌లో సెక్యూరిటీ అండ్ మాన్యువల్ యాక్షన్స్ కింద కనిపిస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే అది మాన్యువల్ యాక్షన్ కాదు. అల్గారిథమ్ వల్ల ర్యాంకు పడితే నోటీసూ రాదు, విన్నపం పెట్టుకునే చోటూ ఉండదు. లింకు స్పామ్ మీద 2012లో వచ్చిన పెంగ్విన్ అనే గూగుల్ అప్‌డేట్ 2016లో కోర్ అల్గారిథమ్‌లో కలిసిపోయింది. పేరు చూసి మినహాయింపులు కూడా ఉండవు. 2006లో బీఎండబ్ల్యూ జర్మనీ సైటునే గూగుల్ ఇండెక్స్ నుంచి తీసేసింది. సెర్చ్ ఇంజిన్‌కి ఒక పేజీ, మనిషికి ఇంకో పేజీ చూపించే డోర్‌వే పేజీలు దానికి కారణం.

హోస్ట్: ఇది విని గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాళ్లుంటారు. మొబైల్ మెనూ కూడా డిస్‌ప్లే నన్ అనే సీఎస్ఎస్‌తోనే దాగుంటుంది కదా?

గెస్ట్: తడుముకోనక్కర్లేదు. మెనూ, ట్యాబ్, అకార్డియన్, టూల్‌టిప్, ఇవి నొక్కితేనో మౌస్ పెడితేనో తెరుచుకుంటాయి. చూపులేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కోసం పెట్టిన టెక్స్ట్ కూడా తప్పు కాదు. ఏం చేసినా ఏ మనిషికీ అందకుండా, ర్యాంకు కోసం మాత్రమే పెట్టిన దానితోనే పేచీ.

హోస్ట్: సైటులో ఏమీ దాచలేదు, అయినా నోటీసు వచ్చింది. అప్పుడు?

గెస్ట్: అప్పుడు వేరేవాళ్లు దాచారని అనుమానించాలి. డబ్బు కట్టాల్సిన థీమ్‌ని పైరేటెడ్ కాపీగా ఉచితంగా దించుకోవడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే. ఫుటర్ ఫైల్లో అర్థంకాని అక్షరాల ముద్ద ఒకటి ఉంటుంది, అది విప్పితే బయటి సైట్ల లింకులు. థీమ్ ఫంక్షన్స్, ఫుటర్ ఫైళ్లలో కోడ్‌ని దాచడానికి వాడే ఎవాల్, బేస్64 డీకోడ్ అనే మాటలు వెతకండి. సర్వర్ సెట్టింగులుండే హెచ్‌టీయాక్సెస్ ఫైలు, డేటాబేస్ కూడా వదలొద్దు. బ్రౌజర్‌లో సోర్స్ చూసి ఏమీ లేదని నిశ్చింతగా ఉండకండి, చాలా హ్యాక్‌లు ఆ లింకుల్ని గూగుల్‌బాట్‌కి మాత్రమే చూపిస్తాయి. సెర్చ్ కన్సోల్ యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్ నొక్కి, అక్కడ వచ్చే హెచ్‌టీఎంఎల్‌లో మీకు తెలియని డొమైన్లు, స్క్రీన్ అవతలికి తోసే మైనస్ 9999 పిక్సెల్స్ లాంటి విలువలు ఉన్నాయేమో చూడండి.

హోస్ట్: సైట్‌మ్యాప్‌కి దీంతో సంబంధం ఉందా?

గెస్ట్: ఉంది, అందుకే ఈ రెండూ కలిపి మాట్లాడుతున్నాం. హ్యాకర్లు సెర్చ్ కన్సోల్‌లో తమని తామే ఓనర్లుగా వెరిఫై చేసుకుని, స్పామ్ పేజీలతో సొంత సైట్‌మ్యాప్ సబ్మిట్ చేస్తారు. సైట్‌మ్యాప్స్ జాబితాలో మీరు పెట్టని ఫైలు ఉందా, యూజర్స్ అండ్ పర్మిషన్స్‌లో తెలియని ఓనర్ ఉన్నారా చూడండి. ముందు వాళ్ల వెరిఫికేషన్ ఫైలో మెటా ట్యాగో తీసేసి, ఆ తర్వాత ఓనర్‌ని తొలగించాలి. లేకపోతే మళ్లీ వెరిఫై చేసుకుంటారు. స్పామ్ పేజీలకి 404 లేదా, పేజీ శాశ్వతంగా పోయిందని చెప్పే 410 రావాలి. వాటిని రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీలో బ్లాక్ చేస్తే గూగుల్‌బాట్ లోపలికి రాలేదు, పేజీలు పోయాయని దానికి తెలియదు. సెర్చ్ ఫలితాల నుంచి పేజీని దాచే రిమూవల్స్ టూల్ పని చేసేది సుమారు 6 నెలలే, అది తాత్కాలిక ముసుగు.

హోస్ట్: అంతా శుభ్రం చేశాక, పెనాల్టీ తీసేయమని గూగుల్‌కి పెట్టే రీకన్సిడరేషన్ రిక్వెస్ట్‌లో ఏం రాయాలి?

గెస్ట్: సమస్య ఏంటి, సరిచేయడానికి ఏమేం చేశారు, ఇప్పుడు ఎలా ఉంది. ఏ ఫైలు తీశారో, ఏ థీమ్ మార్చారో, పాస్‌వర్డ్‌లు ఎప్పుడు మార్చారో రాయండి. సంజాయిషీలు అక్కర్లేదు. జవాబుకి కొన్ని రోజుల నుంచి వారాలు పట్టొచ్చు, ఈలోపు ఇంకోటి పంపొద్దు. పెనాల్టీ తీసేసినా పాత ర్యాంకు తిరిగి రాకపోవచ్చు. అడ్డదారి లింకుల మీద నిలబడ్డ ర్యాంకైతే ఆ ఊతం పోయినట్టే. చాలా రిక్వెస్ట్‌లు ఎక్కడ చెడతాయంటే, నోటీసులో ఉదాహరణకి రెండు మూడు యూఆర్‌ఎల్స్ ఇస్తారు, వాటిని మాత్రమే సరిచేసి పంపేస్తారు. అవి నమూనాలు. అదే టెంప్లేట్ మీద నడిచే ప్రతి పేజీనీ తెరిచి చూశాకే సబ్మిట్ నొక్కండి.