బంతిపూలు, ఎనిమిది కౌంట్లు

హోస్ట్: నమస్కారమండీ, అందరూ బాగున్నారా? ఈ వారం మనతో మాట్లాడటానికి డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి ఒక అక్క వచ్చారు. సొంతూరు తెనాలి దగ్గర. టెక్సాస్ వెళ్లి పద్దెనిమిదేళ్లయింది. వాళ్లమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో పదకొండో తరగతి. అక్కా, అమ్మాయి డ్రిల్ టీమ్‌లో ఉందని మీరు చెప్పగానే నాకు మా జెడ్పీ హైస్కూల్ డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. మెళ్లో విజిల్, ఎండలో సావధాన్, విశ్రామ్.

అతిథి: (నవ్వుతూ) నాకూ ముందు ఆయనే గుర్తొచ్చారు తమ్ముడూ. తీరా చూస్తే ఇది వేరే సంగతి. టెక్సాస్‌లో శుక్రవారం రాత్రి అంటే స్కూలు ఫుట్‌బాల్ ఆట. హాఫ్‌టైమ్‌కి బ్యాండు మైదానంలోకి దిగుతుంది, దాంతోపాటు డ్రిల్ టీమ్. ఆడపిల్లలందరూ వరసగా చేతులు కలుపుకుని నిలబడి, కాలు మొహం దాకా లేపుతారు. అందరి కాళ్లూ ఒకే ఎత్తుకి లేవాలి, ఒకేసారి దిగాలి. దాన్ని కిక్ లైన్ అంటారు. అయితే నువ్వన్న డ్రిల్లు మాస్టారు మరీ దూరమేం కాదులే. దీన్ని మొదలుపెట్టింది కూడా ఒక పీటీ టీచరమ్మే.

హోస్ట్: అవునా! ఎవరావిడ?

అతిథి: గస్సీ నెల్ డేవిస్. పియానో కళాకారిణి అవుదామని కాలేజీకి వెళ్లి, వ్యాయామ విద్య వైపు మళ్లారు. 1920ల చివర్లో గ్రీన్‌విల్ హైస్కూల్లో చేరారు. మా ఇంటికి గంట దూరం ఆ ఊరు. ఆట దగ్గర కూర్చుని కేకలు వేసే ఆడపిల్లల గుంపుకి నడకా, వరసా, నాట్యమూ నేర్పారు. 1939లో కిల్గోర్ కాలేజీ వాళ్లు పిలిచారు. కిల్గోర్‌లో నూనె బావులు పడి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. హాఫ్‌టైమ్ రాగానే జనం లేచి స్టాండ్ల కిందకి పోయి మందు తాగేవాళ్లట. వాళ్లని కూర్చున్నచోటే ఉంచే ప్రదర్శన ఏదైనా కావాలని కాలేజీ డీన్ కోరిక. అలా పుట్టిన కాలేజీ డ్రిల్ టీమే రేంజరెట్స్. 1940 సెప్టెంబర్‌లో మొదటిసారి మైదానంలోకి దిగారు. ఆవిడ 1979 దాకా వాళ్లని నడిపారు. నలభై ఏళ్లు!

హోస్ట్: ఇంత ఇష్టంగా చెప్తున్నారు గానీ, మొదట అమ్మాయి చేరతానంటే మీరు వద్దన్నారు కదా?

అతిథి: అన్నాను, గట్టిగానే. ఆ పొట్టి బట్టలు చూసి నాకు మనసొప్పలేదు. అది ఒకటి. రెండోది, ఐదో ఏటి నుంచి కూచిపూడి నేర్పిస్తున్నాం కదా, అది వదిలేస్తుందేమోనని భయం. అమ్మాయి నాతో వాదించలేదు. ఒక ఆటకి వచ్చి చూడు, చూశాక కూడా వద్దంటే మానేస్తానంది. వెళ్లాను. స్టాండ్లలో నా పక్కన కూర్చున్నాయన, మా అమ్మాయి ఎవరో కూడా తెలీదు, వాళ్లు దిగగానే టోపీ తీసి లేచి నిలబడ్డాడు. ఆ రాత్రి ఇంటికొచ్చాక ఇంక వద్దనలేదు.

హోస్ట్: కూచిపూడి ఒంటికి ఈ కిక్కులు ఎలా పట్టుబడ్డాయి?

అతిథి: మొదటి రెండు నెలలూ చాలా కష్టపడింది. మనకి అరమండిలో కూర్చోవాలి, మోకాళ్లు పక్కలకి వంగాలి, పాదం మొత్తం నేలని తట్టాలి. అక్కడ మోకాలు వంగితే తప్పు. పాదం మొన సాగి ఉండాలి. పదేళ్లు ఒంటికి పట్టిన అలవాటు కదా, కాలు లేపగానే మోకాలు దానంతటదే వంగిపోయేది. వంటింట్లో గట్టు పట్టుకుని రాత్రి పదింటిదాకా సాధన చేసేది. లెక్క మాత్రం సులువుగా పట్టేసింది. వాళ్లు ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అని ఎత్తుకుంటారు. ఎనిమిదేసి కౌంట్లు. "ఇది ఆదితాళమే కదమ్మా" అని తొడ మీద వేసి చూపించింది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. వాళ్ల పాటకి సరిగ్గా సరిపోయింది.

ఇంకో మాట కూడా అంది. కూచిపూడిలో సత్యభామ కడితే అందరూ తననే చూడాలి. "ఇక్కడ నేను కనపడితే తప్పు చేసినట్టమ్మా, లైను కనపడాలి" అంది. అది నేను ఇన్నేళ్లలో దానికి నేర్పని సంగతి.

హోస్ట్: మన పేరెంట్స్ తప్పకుండా అడిగేది, చదువు మాటేంటి?

అతిథి: అక్కడ రూలు గట్టిగానే ఉంది. 1984లో చట్టం వచ్చింది, "నో పాస్, నో ప్లే" అంటారు. ఏ సబ్జెక్టులో 70 కంటే తగ్గినా కనీసం మూడు వారాలు ప్రదర్శనలకి దూరం. సాధన చేయొచ్చు గానీ మైదానంలోకి దిగకూడదు. అడ్వాన్స్‌డ్ క్లాసులకి కొంత సడలింపు ఉంటుంది. బడి జరిగే రోజుల్లో, స్కూలు టైము కాకుండా వారానికి ఎనిమిది గంటలకి మించి సాధన చేయించకూడదని కూడా ఉంది. పైగా డ్రిల్ టీమ్‌లో ఉంటే అది పీఈ, అంటే వ్యాయామ విద్య, క్రెడిట్ కింద లెక్కవేస్తారు. ఖర్చు మాత్రం బాగానే అవుతుంది. బట్టలు, బూట్లు, క్యాంపు, అన్నీ కలిపి మాకు వెయ్యి డాలర్లు దాటింది. అది ముందే తెలుసుకుని దిగాలి.

హోస్ట్: స్పానిష్ క్లబ్బులో కూడా ఉంది కదా?

అతిథి: ఉంది. హైస్కూల్ పూర్తి కావడానికి మామూలుగా ఇంగ్లీషు కాకుండా ఇంకేదైనా ఒకే భాషలో రెండు క్రెడిట్లు కావాలి, మనవాళ్ల పిల్లలు ఎక్కువగా స్పానిష్ తీసుకుంటారు. లాటిన్ తీసుకున్న పిల్లలకైతే జూనియర్ క్లాసికల్ లీగ్ అనే క్లబ్బు ఉంది, 1936 నుంచీ నడుస్తోంది. దుప్పటిని పాతకాలం రోమన్ల బట్ట టోగాలా చుట్టుకుని, బజర్ నొక్కుతూ రోమన్ చరిత్ర మీద క్విజ్ పోటీలు పడతారు, భలే సరదాగా ఉంటుంది. కానీ నాకు చెప్పాలనుంది స్పానిష్ క్లబ్బు గురించే.

నవంబర్ మొదటి రెండు రోజులూ మెక్సికో వాళ్లకి పోయినవాళ్లని తలుచుకునే పండగ. ఫొటోలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి పెట్టి, బంతిపూలు పరుస్తారు. మనం పెద్దలకి పెట్టుకోమూ, అలాగే. క్లబ్బులో పిల్లలు కాగితప్పూలు అతికిస్తున్నారు. మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, పెరట్లో బంతిపూలు ఎన్నున్నాయి?" అంది. రెండు బకెట్ల పూలు కోసుకుని, సూదీ దారం పట్టుకుని వెళ్లాను. అక్కడ ఒక పిల్ల వాళ్ల అమ్మమ్మ ఉన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. నేను దండ గుచ్చుతుంటే చూసి, పక్కన కూర్చుని తనూ మొదలుపెట్టారు. పువ్వు చూపించి "సెంపాసూచిల్" అన్నారు. నేను "బంతి" అన్నాను. ఆవిడ రెండుమూడుసార్లు పలికి చూసుకున్నారు. బంతి, బంతి.

ఆ పువ్వు పుట్టిల్లు మెక్సికోనే తమ్ముడూ! అక్కణ్ణుంచే సముద్రాలు దాటి మన గుమ్మాలకొచ్చింది. నాకు అప్పటిదాకా తెలీదు, మా అమ్మాయి క్లబ్బులో నేర్చుకుని చెప్పింది. దండలన్నీ కట్టాక చూస్తే, ఆ ఫొటోల మధ్యలో మా నాన్న ఫొటో ఉంది. నాకు చెప్పకుండా తెచ్చి పెట్టింది. ఆయన ముందు చిన్న ప్లేటులో రెండు జంతికలు. (ఆగి) ఆయన పోయినప్పుడు నేను ఇండియా వెళ్లలేకపోయాను. టికెట్టు దొరకలేదు. ఆ సాయంత్రం ఆ స్కూలు గదిలో నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

హోస్ట్: (కాసేపాగి) ఆ తర్వాతేనా ఆ స్కూల్లో తెలుగు క్లబ్బు మొదలైంది?

అతిథి: ఆ తర్వాతే. ఆ పిల్లలే అడిగారు, మీ భాషకి క్లబ్బు లేదా అని. అక్కడ 1984లోనే ఈక్వల్ యాక్సెస్ యాక్ట్ అని కేంద్ర చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే హైస్కూలు, పాఠాలతో సంబంధం లేని ఒక్క విద్యార్థి క్లబ్బుకి చోటిచ్చినా, మిగతావాటిని అవి మాట్లాడే విషయం నచ్చలేదని కాదనకూడదు. 1990లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. పిల్లలే మొదలుపెట్టాలి, పిల్లలే నడపాలి. స్కూలు తరఫున ఒక టీచరు ఉంటే చాలు, మాకు కెమిస్ట్రీ టీచరు ఒప్పుకున్నారు. మన పేరెంట్స్ కొందరు సిలబస్ రాసిస్తాం, మేమే వచ్చి చెప్తాం అన్నారు. అలా కుదరదు. బయటివాళ్లు నడపకూడదు, క్రమం తప్పకుండా వచ్చి కూర్చోకూడదు కూడా, చట్టంలోనే ఉంది. నాకైతే అదే బాగా నచ్చింది. ఇంట్లో మనం "తెలుగులో మాట్లాడు" అంటే మొహం తిప్పుకునే పిల్లలు, అక్కడ వేరే పిల్లలకి "ళ" ఎలా పలకాలో నేర్పుతున్నారు. మొదటి మీటింగుకి పదకొండు మంది వస్తే అందులో నలుగురికి తెలుగే రాదు. అందరూ వాళ్ల పేర్లు తెలుగులో రాసుకుని లాకర్లకి అంటించుకున్నారు.

హోస్ట్: ఈ నవంబర్‌కి కూడా దండలు మీవేనా?

అతిథి: ఈసారి ఇంకో రెండు వరసలు బంతి నారు వేశాను. ఆ అమ్మమ్మకి కూడా విత్తనాలు పంపాను, మొక్కలు మోకాలెత్తు వచ్చాయని మనవరాలి చేత ఫొటో పంపించారు. సూదీ దారం నన్ను తేవద్దన్నారు. ఆవిడే తెస్తారట.