పండగ రైలు, రెండేళ్ల పేచీ

నమస్కారం. పండక్కి ఊరెళ్లే హడావుడిలో ఉన్నారు, అందుకని సూటిగా విషయంలోకి వస్తాం. ఏడాది దాటి మూడేళ్లు నిండని పిల్లలు, సికింద్రాబాద్ నుంచి విశాఖ వైపు వెళ్లే రైలు. ఇవాళ మాట్లాడేది ఈ ప్రయాణం గురించే.

ఈ వయసు పేచీలు రెండు రకాలు. వస్తువు కోసం పెట్టేది ఒకటి. ఒంటికి తాళలేక వచ్చేది రెండోది: నిద్ర, ఆకలి, ఉక్క, చుట్టూ గోల. రైల్లో ఎక్కువగా వచ్చేది రెండోదే. అది పట్టుకున్నాక బుజ్జగించినా బెదిరించినా పిల్లల చెవికెక్కదు. కాబట్టి మన పనంతా అంతకు రెండు మూడు గంటల ముందే.

టికెట్ దగ్గర మొదలుపెడదాం. అయిదేళ్లు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు, కానీ బెర్తూ సీటూ రావు. కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాలి. 2023 సంక్రాంతికి మొదలైన వందేభారత్ విశాఖకి ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది, నిజమే. అయితే అన్నీ కుర్చీలే. టికెట్ తీయని పిల్లాడు అంతసేపూ మీ ఒళ్లోనే ఉండాలి, రెండేళ్లవాడు ఉండడు. సీటన్నా కొనండి, లేదా రాత్రి బండి చూసుకోండి.

రాత్రి బండిలో వేరే చిక్కుంది. త్రీటైర్‌లో కింది బెర్తు మీ పేరు మీదే ఉన్నా, రాత్రి పదింటి దాకా దాని మీద ముగ్గురు కూర్చుంటారు. మీ పాప ఎనిమిదిన్నరకే పడుకునే పిల్ల అనుకోండి. మధ్యలో గంటన్నర. లైట్లు వెలుగుతుంటాయి, చాయ్ అమ్మేవాళ్లు తిరుగుతుంటారు, పడుకోడానికి చోటుండదు. పేచీ పుట్టేది ఎక్కువగా ఇక్కడే. రైలెక్కగానే పక్కవాళ్లతో, "ఎనిమిదిన్నరకి పాపని పడుకోబెడతామండీ, కాస్త సర్దుకుంటారా?" అని ఒక మాట అనుకోండి. ముందే అడిగితే చాలామంది సరేనంటారు. ఏడుపు మొదలయ్యాక అడిగితే మొహం చిట్లిస్తారు. ఖర్చుకి వెనకాడకపోతే టూటైర్ మేలు, మధ్య బెర్తు గొడవే ఉండదు. పై బెర్తు మాత్రం ఈ వయసు పిల్లలకి వద్దే వద్దు.

"మధ్యాహ్నం పడుకోనివ్వకండి, రైలెక్కగానే నిద్రపోతాడు" అని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినకండి. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. అది తగ్గి బాగా అలసిపోయిన పిల్లలు నిద్రపోరు, నిద్రతో పోట్లాడతారు. ఒంటిగంటకి పడుకోబెట్టి మూడింటికల్లా లేపండి. సామాను సర్దడం అంతకు ముందు రోజే ముగించండి. ఇల్లంతా పెట్టెలు పరిచి ఉంటే ఏ పిల్లాడికీ కన్ను మూతపడదు.

నిద్ర కోసం జలుబు మందో దగ్గు మందో పట్టేవాళ్లున్నారు. మామూలు జలుబు సిరప్‌లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జోడీని నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద రాయాలంటూ మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. పైగా ఈ రకం మందులు కొందరు పిల్లల్ని మత్తులోకి దించకపోగా ఇంకా రెచ్చగొడతాయి. డాక్టరు రాయకుండా ఏ మందూ వద్దు.

తిండి రెండు రెండున్నర గంటలకోసారి, కొంచెం కొంచెంగా. ఇడ్లీ, చపాతీ ముక్కలు, అరటిపండు, మరమరాలు చాలు. పెరుగన్నం మధ్యాహ్నం కలిపితే రాత్రికి పులిసిపోతుంది, వేసవిలో అయితే ఇంకా ముందే. వేరుశెనగ గుళ్లు, వేయించిన శనగలు, పాప్‌కార్న్ పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. ఇవీ, నీళ్లూ, రెండు జతల బట్టలూ, పాత కాటన్ చీర ముక్కా, మూడు గంటలకొకటి చొప్పున డైపర్లూ, పైన రెండు ఎక్కువా ఒకే చేతిసంచిలో ఉండాలి. సీటు కిందికి తోసిన సూట్‌కేస్‌లో ఉన్నది లేనట్టే. మీ చొక్కా కూడా ఒకటి పెట్టుకోండి, కక్కేది మీ మీదే.

ఆటవస్తువులన్నీ ఒకేసారి బయటికి తీయకండి. ఒకటి చూపించి, మోజు తీరాక దాచి, ఇంకోటి తీయాలి. కొత్తవి కొనక్కర్లేదు. మూతలున్న చిన్న స్టీలు గిన్నెలు, స్టిక్కర్లు చాలు. ఫోన్ గురించి అందరూ అడుగుతారు. రెండేళ్లు నిండనివాళ్లకి కార్టూన్లు వద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ తర్వాత రోజుకి గంటకి మించొద్దంటుంది. ఆఖరి అస్త్రంగా ఇస్తే ఇవ్వండి. అసలు గొడవ లాక్కునేటప్పుడు వస్తుంది కాబట్టి "రెండు పాటలయ్యాక అమ్మకి ఇచ్చేయాలి" అని ముందే చెప్పండి. పాటలు డౌన్‌లోడ్ చేసుకుని ఉంచండి. సిగ్నల్ పోయి పాట మధ్యలో ఆగిందంటే అదింకో పేచీ.

ఎదురుచూడని మార్పు పిల్లలకి గిట్టదు, అందుకే ఏ పనైనా వాళ్లనే ఎంచుకోనివ్వండి. "బ్రష్ చేసుకుందామా?" అని అడిగితే "వద్దు" అంటారు, అడిగింది మీరే. "ముందు బ్రష్షా, ముందు చొక్కానా?" అనండి. టీసీ పట్టుకుపోతాడని భయపెట్టకండి, నల్లకోటు కనిపించినప్పుడల్లా ఉలిక్కిపడతారు.

ఇంత చేసినా పేచీ వస్తే? ఒడిలోకి తీసుకుని, గొంతు తగ్గించి, మాటలు తగ్గించండి. ఇద్దరుంటే ఒక్కరే మాట్లాడాలి. వస్తువు కోసం పెట్టే పేచీ అయితే మధ్యలో చాక్లెట్ ఇవ్వకండి, తర్వాతిసారి అక్కణ్ణుంచే మొదలుపెడతారు. తలుపు దగ్గరికి ఎత్తుకెళ్లి ఆడించడం ప్రమాదం.

దిగే ముందు 20 నిమిషాల వ్యవధి ఉంచుకుని నెమ్మదిగా లేపండి. ఇక స్టేషన్‌కి వచ్చే బంధువులు. తాతయ్య, అత్తయ్య, బాబాయి అందరూ ఒకేసారి చేతులు చాస్తారు. నిద్రకళ్లతో ఉన్న బిడ్డ అక్కడే ఏడుపు లంకించుకుంటుంది, వాళ్లేమో "మమ్మల్ని మర్చిపోయింది" అని నొచ్చుకుంటారు. ముందురోజు ఫోన్‌లోనే చెప్పండి: ఇంటికెళ్లి పాలు తాగేదాకా ఎవరూ ఎత్తుకోవద్దని. కారులో వాంతుల్లాంటి సంగతులు ఇంకేమైనా అడగాలనుకుంటే ఇప్పుడు అడగొచ్చు.